హాస్యం వైపు నిలబడ్డవాడు

(నరసరావుపేటలో సోషల్ ఉపాధ్యాయుల సమావేశంలో ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాశాం. తడబాట్లు మాత్రం తీసేశాం.)

అందరికీ నమస్కారం. భోజనాలయ్యాక మొదటి ప్రసంగం నాకిచ్చారు. ఎవరు వేశారో గానీ ఈ కార్యక్రమం, వాళ్ళు కచ్చితంగా ఏదో ఒక స్కూల్లో టైమ్‌టేబుల్ వేసే మనిషే. ఎందుకంటే నేను ముప్పై ఒక్క ఏళ్ళు సోషల్ చెప్పాను, ముప్పై ఒక్క ఏళ్ళూ నాకు ఐదో పీరియడే. పొద్దున పిల్లలు తేటగా ఉన్నప్పుడు లెక్కలు, ఇంగ్లీషు. మధ్యాహ్న భోజనం తిని, కళ్ళు మూతలు పడుతున్నప్పుడు సోషల్. అవునా కాదా? మేడమ్ గారు నవ్వుతున్నారు. మీదీ ఐదో పీరియడేనా అమ్మా?

కాబట్టి నేను క్లాసులోకి పాట తెచ్చింది ఏదో గొప్ప సిద్ధాంతం చదివి కాదండీ. నిద్ర ఆపుదామని. అంతే. మొదటి రెండేళ్ళు బల్ల మీద బెత్తం కొట్టి నిద్ర ఆపాను. మూడో ఏడు ఒక పిల్లాడు బొబ్బిలి యుద్ధం పాఠం మధ్యలో గురక పెట్టాడు. చెప్తున్నది యుద్ధం! ఫిరంగులు పేలుతున్నాయి! వీడు గురక పెడుతున్నాడు. ఆ రోజు ఇంటికెళ్ళి మంచమెక్కితే నాకు నిద్ర పట్టలేదు. మా ఊరు గుర్తొచ్చింది.

మా ఊళ్ళో శ్రీరామనవమి పందిట్లో బుర్రకథ పెట్టేవాళ్ళు. రాత్రి తొమ్మిదింటికి మొదలైతే తెల్లారుజామున కోడి కూసేదాకా. అదే బొబ్బిలి యుద్ధం. పొద్దుట్నుంచి మిరపకోతకి పోయి నడుము విరిగిన మనుషులు, చాపలు దుప్పట్లు తెచ్చుకుని మరీ కూర్చునేవాళ్ళు. ఒక్కడు నిద్రపోతే ఒట్టు. చదువు రాని ఊరు తెల్లవార్లూ విన్న కథని, చదువుకోవడానికి వచ్చిన పిల్లాడు నలభై ఐదు నిమిషాలు వినలేకపోయాడు. మరి తప్పు వాడిదా? కథదా? చెప్పినవాడిదా?

నేను బొబ్బిలి యుద్ధం చెప్పినప్పుడు ఒక్కణ్ణే నిలబడి చెప్పాను. పందిట్లో ముగ్గురు నిలబడి చెప్పారు. తేడా అక్కడుందని నాకు అర్థం కావడానికి చాలా రోజులు పట్టింది.

చిన్నవాళ్ళు ఉన్నారు కాబట్టి, ముగ్గురంటే ఎవరో చెప్తాను. మధ్యలో కథకుడు. భుజాన తంబుర, చేతికి అందెలు, కాళ్ళకి గజ్జెలు. అటొకరు, ఇటొకరు వంతలు. వాళ్ళ దగ్గర డక్కీలు. ఈ వంతలిద్దరూ తందాన తాన అనడానికే ఉన్నారనుకుంటాం. కాదు. ఒక వంతకి పేరు రాజకీయం. ఇంకో వంతకి పేరు హాస్యం. చూడండి, మనుషులకి ఉద్యోగం పేరే పెట్టేశారు. ‘‘మన దళంలో హాస్యం ఎవరు?’’ అని అడుగుతారు. కథకుడు కథ చెప్తాడు. రాజకీయం ఆ కథని తీసుకొచ్చి ఇవాళ్టి ఊళ్ళో పెడతాడు. హాస్యం ఏం చేస్తాడు? జోకులేస్తాడు అంటారు. నేనూ అలాగే అనుకున్నాను. అక్కడే బోల్తా పడ్డాను, అది తర్వాత చెప్తాను.

హాస్యం నిజంగా చేసేది చూడండి. కథకుడు అంటాడు: ‘‘బుస్సీ దొర దండు కదిలింది!’’ హాస్యం అందుకుంటాడు: ‘‘బస్సు దొరా అన్నా? ఏ డిపో?’’ పిల్లలు ఘొల్లుమంటారు. కథకుడు కసురుకుంటాడు: ‘‘ఒరే, బస్సు కాదురా, బుస్సీ. ఫ్రెంచివాడు.’’ అప్పుడు హాస్యం అసలు మాట అడుగుతాడు: ‘‘ఫ్రెంచివాడికి బొబ్బిలిలో ఏం పని అన్నా?’’

అయ్యా, ఆ ప్రశ్నే పాఠం! మీ క్లాసులో నలభై మంది పిల్లల మనసులో ఆ ప్రశ్న ఉంటుంది. ఒక్కడూ అడగడు. అడిగితే ఇది కూడా తెలీదా అంటామని భయం. హాస్యం వాళ్ళ తరఫున తెలివితక్కువవాడై అడుగుతాడు. పరువు వాడిది పోతుంది, జవాబు అందరికీ వస్తుంది. ఇప్పుడు కథకుడు జవాబు చెప్పాలి. 1753లో నిజాం సలాబత్ జంగ్ ఉత్తర సర్కార్లని ఫ్రెంచివాళ్ళకి రాసిచ్చాడు, అక్కడి జమీందార్ల దగ్గర రాబడి వసూలుకి బుస్సీ దండుతో వచ్చాడు, విజయనగరం విజయరామరాజుకీ బొబ్బిలికీ పాత పగ ఉంది, బుస్సీ పక్కన ఆయన చేరాడు. ఇంతా విన్నాక రాజకీయం అంటాడు: ‘‘అంటే అన్నా, పొరుగువాడి మీద కోపంతో పరాయివాణ్ణి ఇంటికి పిలిచామన్నమాట.’’ తందాన తాన. అయిపోయింది. మన పాఠ్యపుస్తకంలో ఇది ‘కారణాలు’ అనే హెడ్డింగు కింద ఉంటుంది. ఆ హెడ్డింగు చూడగానే పిల్లలకి ఆవలింత వస్తుంది.

ఈ ముగ్గురి ఏర్పాటుకి అంత పదును ఎక్కడినుంచి వచ్చింది? ఇది జంగాలు చెప్పుకున్న కథ, తంబుర కథ, తెలంగాణ వైపు శారద కథ అంటారు. పాతదే. కానీ మనం ఇవాళ బుర్రకథ అని పిలిచే రూపానికి సానబట్టింది మన గుంటూరు జిల్లా మనిషి. షేక్ నాజర్ గారు. 1920లో పొన్నెకల్లులో పుట్టారు, దూదేకుల కుటుంబం. తన జీవితకథకి ‘పింజారి’ అనే పేరు పెట్టుకున్నారు, ఆ ధైర్యం చూడండి. ఊరు ఏ మాటతో చిన్నచూపు చూసిందో ఆ మాటే అట్ట మీద. 1986లో పద్మశ్రీ ఇచ్చారు. 1997లో పోయారు. పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం, అల్లూరి సీతారామరాజు, ఇవన్నీ ఆయన గొంతులో ఆంధ్రదేశం అంతా తిరిగాయి. 1943 తర్వాత కమ్యూనిస్టుల కళాసంఘం ప్రజానాట్యమండలి దళాలు బుర్రకథ పట్టుకుని ఊళ్ళ మీద పడ్డాయి. బెంగాల్ కరువు మీద కూడా బుర్రకథ చెప్పారు. వందల మైళ్ళ అవతల జనం ఆకలికి చస్తున్న సంగతి పేపరు చదవలేని మనిషికి తెలిసింది అలాగే. ఇంగ్లీషు సర్కారూ నిషేధించింది, నిజాం సర్కారూ నిషేధించింది. ఎందుకు నిషేధించారంటారు? ముగ్గురు మనుషులు, రెండు డక్కీలు, ఒక తంబుర. దీనికి సర్కార్లకి భయమెందుకు? నన్నడిగితే వాళ్ళు భయపడింది కథకుడికి కాదు. పక్కనున్న ఆ ఇద్దరికి. ఒకడు ప్రశ్న అడుగుతాడు, ఇంకొకడు దాన్ని ఇవాళ్టికి తిప్పుతాడు.

ఇప్పుడు పాట సంగతి. పాట ఏం చేస్తుంది? వినసొంపు, సంతోషం, అదంతా సరే. చరిత్ర క్లాసులో పాట చేసే పని ఒకటే ఒకటి: వరుస. ఏది ముందు, ఏది తర్వాత. పిల్లలకి చరిత్రలో పోయేది వరుసే కదండీ. పేర్లు గుర్తుంటాయి, వరుస తారుమారవుతుంది. మాట తారుమారైతే తెలీదు, పాట తారుమారైతే తాళం చెప్పేస్తుంది.

మన్యం తిరుగుబాటు కోసం నేను కట్టుకున్నది వినండి. కవిత్వం కాదు, నవ్వకండి. నా గొంతు కూడా పాతబడింది.

ఆగస్టు నెలలో ఇరవై రెండున — తందాన తాన
చింతపల్లిలో ఠాణా ముట్టడి — తందాన తాన
మరునాడేమో కృష్ణదేవిపేట — తందాన తాన
మూడోనాడు రాజవొమ్మంగి బాట — తందాన తాన

1922. మూడు రోజులు, మూడు పోలీసు స్టేషన్లు. నాలుగు పాదాల్లో అయిపోయింది. ఇక్కడ హాస్యం ఆపుతాడు: ‘‘ఆగన్నా. స్టేషను మీద పడి ఏం ఎత్తుకుపోయారు?’’ కథకుడు: ‘‘చింతపల్లిలో పదకొండు తుపాకులు, కృష్ణదేవిపేటలో ఏడు, రాజవొమ్మంగిలో ఎనిమిది.’’ హాస్యం వేళ్ళు లెక్కపెట్టుకుంటాడు, కావాలని తప్పు చెప్తాడు: ‘‘ఇరవై నాలుగు!’’ క్లాసంతా అరుస్తుంది: ‘‘ఇరవై ఆరు!’’ చూశారా, ఎవడూ బట్టీ పట్టలేదు. తప్పు దిద్దారు. తప్పు దిద్దిన అంకె మర్చిపోరు.

ఇంకా ఉంది. కథకుడు చెప్తాడు: ‘‘చింతపల్లిలో ఏమేం తీసుకున్నదీ స్టేషను రికార్డు పుస్తకంలో రాసి, సీతారామరాజు కింద సంతకం పెట్టాడు.’’ హాస్యం నోరు తెరుస్తాడు: ‘‘దోపిడీ చేసి రసీదిచ్చాడా? అన్నా, మా ఊళ్ళో అప్పు కడితేనే రసీదివ్వరు!’’ నవ్వు. మంచి నవ్వు. ఆ నవ్వు తగ్గుతుండగా రాజకీయం మెల్లిగా అడుగుతాడు: ‘‘దొంగ సంతకం పెడతాడా తమ్ముడూ? సంతకం పెట్టినవాడు ఏమని చెప్పుకుంటున్నట్టు?’’

ఈ ప్రశ్నకి ఎనిమిదో తరగతి పిల్లలు నాకిచ్చిన జవాబులు మీకు చెప్పాలి. ఒకమ్మాయి అంది: ‘‘నేను పోలీసులకి భయపడట్లేదని చెప్పాడు సార్.’’ ఇంకొకడు: ‘‘అమాయక కానిస్టేబుళ్ళ మీద దొంగతనం కేసు పడకుండా రాసుంటాడు సార్.’’ వాళ్ళ నాన్న కానిస్టేబులు లెండి. మూడోవాడు: ‘‘తను కూడా ఒక సర్కారే అని చెప్పాడు సార్. సర్కారే కదా రాసి సంతకం పెట్టేది.’’ నేను కుర్చీలో కూర్చుండిపోయాను. ఆ మాట నాకు తట్టలేదు. ముప్పై ఏళ్ళ సర్వీసులో నాకు తట్టలేదు!

అక్కడినుంచి వెనక్కి పోవడం తేలిక. అంత తిరుగుబాటు ఎందుకొచ్చింది? 1882 అడవి చట్టం, పోడు కొట్టుకోవద్దన్నారు. రోడ్డు పనికి మన్యం మనుషుల్ని తోలారు, చెప్పిన కూలి ఒకటి, చేతిలో పెట్టింది ఒకటి. ఆ పని చేయించింది గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్. అప్పటికే కడుపు మండి ఉన్న గాం గంటందొర, మల్లుదొర సీతారామరాజుతో చేరారు. రాజవొమ్మంగి స్టేషన్లో బందీగా ఉన్న వీరయ్యదొరని విడిపించారు. 1924 మే 7న కొయ్యూరు దగ్గర సీతారామరాజుని కాల్చేశారు. ఈ భాగాలన్నీ రసీదు దగ్గర పుట్టిన ప్రశ్న పట్టుకుని వచ్చాయి. నేను తోసి ఎక్కించలేదు.

సరే, బోల్తా పడ్డ సంగతి చెప్తానన్నాను కదా. చెప్తాను. ఇది మీలో చాలామందికి పనికొస్తుంది, ఎందుకంటే చాలామంది ఇదే గుంటలో పడతారు.

పిట్టలదొరని ఎంతమంది చూశారు? తెలంగాణ నుంచి వచ్చిన కోడలు పిల్ల ఎవరైనా ఉంటే తెలుస్తుంది. తుపాకి రాముడు అన్నా అదే. ఖాకీ కోటు, నెత్తిన దొర టోపీ, భుజాన చెక్క తుపాకి. ఊళ్ళోకొచ్చి గొప్పలు పోతాడు. నాకు వెయ్యెకరాలుంది, అంతా ఆకాశంలో ఉంది అంటాడు. ఆ కోటు చూడండి, ఆ టోపీ చూడండి. దొరతనం ఊళ్ళోకి ఎలా దిగిందో, ఎలా డంబాలు పోయిందో, ఊరు దాన్ని ఏమనుకుందో ఆ వేషం మీదే కుట్టి ఉంది. ఆ వేషాన్నే ఒక పాఠంగా చెప్పొచ్చు.

నేనేం చేశానంటే, పిట్టలదొర వేషం నేనే వేసుకుని క్లాసులోకి వెళ్ళాను. ‘‘నేను బొబ్బిలి యుద్ధానికి బుస్సీతో కలిసి రైలెక్కి వచ్చాను. రైల్లో టీ తాగాను. బుస్సీ ఫస్ట్ క్లాసు, నేను బోగీ మీద’’ అన్నాను. పిల్లలు పొర్లి పొర్లి నవ్వారు. నాకు పొంగిపోయింది. గంట కొట్టారు, నేను వేషం విప్పి స్టాఫ్ రూములో కాలు మీద కాలేసుకుని కూర్చున్నాను. అర్ధ సంవత్సర పరీక్షల్లో పేపర్లు దిద్దుతుంటే కనపడింది: ‘‘బుస్సీ దొర రైలు మార్గమున బొబ్బిలి చేరెను.’’ ఒకటి కాదు, పదకొండు పేపర్లు! గ్రాంథికంలో రాశారండీ, అంత భక్తితో నమ్మారు. బొబ్బిలి యుద్ధం 1757 జనవరి 24. మన దేశంలో మొదటి ప్రయాణికుల రైలు బోరీబందరు నుంచి ఠాణేకి, 1853 ఏప్రిల్ 16. దాదాపు వందేళ్ళ తేడా. పదకొండు మందికి సున్నా వెయ్యాలా? నాకు నేను వేసుకోవాలా? హెడ్ మాస్టరు గారికి పేపర్లు కనపడకుండా దాచిన పాపం కూడా చేశాను.

తప్పెక్కడ జరిగింది? నేను అబద్ధం చెప్పి, నవ్వించి, వెళ్ళిపోయాను. అబద్ధాన్ని పట్టుకోలేదు. బుర్రకథలో హాస్యం తప్పు మాట్లాడగానే కథకుడు వదలడు, అక్కడికక్కడే ‘ఒరే’ అంటాడు. ఆ ‘ఒరే’ లేని హాస్యం క్లాసులో విషమే. పిల్లలు నా వేషానికి నవ్వారు గానీ రైలుకి నవ్వలేదు. రైలు అప్పుడు లేదని తెలిస్తే కదా రైలుకి నవ్వేది?

అప్పట్నుంచి పద్ధతి మార్చాను. పిట్టలదొర మాట్లాడేటప్పుడు పిల్లల చేతిలో ఒక తప్పెట. అబద్ధం దొరికితే కొట్టాలి. కొట్టినవాడు లేచి ఎందుకు అబద్ధమో చెప్పాలి, చెప్పలేకపోతే వాడే తర్వాతి పిట్టలదొర. ఓ రోజు నేనన్నాను: ‘‘బ్రహ్మనాయుడు చాపకూడు పెట్టినప్పుడు నేనూ పంక్తిలో కూర్చున్నాను. అన్నీ కులాలూ ఒకే చాప మీద. అన్నం, పప్పు, గుంటూరు కారం వేసిన మిరపకాయ పచ్చడి!’’ ఎవరూ కొట్టలేదు. ఎవరు కొడతారు? పల్నాడులో పుట్టిన పిల్లలు, మిరపకాయ లేని అన్నం వాళ్ళ ఊహకందదు. కులాలన్నీ కలిసి తిన్నాయంటే నమ్మరేమో గానీ మిరపకాయ లేదంటే అసలు నమ్మరు. అప్పుడు నేనే తప్పెట కొట్టాను. పల్నాటి యుద్ధం పన్నెండో శతాబ్దం. వాస్కోడగామా కాలికట్లో దిగింది 1498. మిరపకాయ ఆ పోర్చుగీసు ఓడల వెంట వచ్చిన సరుకు. బ్రహ్మనాయుడు తిన్న కారం మిరియాలది. రుద్రమదేవి కూడా మిరపకాయ ఎరగదు. ఒక పిల్లాడు లేచి, ఏడుపు మొహంతో, ‘‘అయితే పకోడీలో ఏమేసుకునేవాళ్ళు సార్?’’ అన్నాడు. ఆ వారం అంతా వాళ్ళింట్లో అమ్మమ్మలకి మనశ్శాంతి లేదు. టమాటా ఎప్పుడొచ్చింది, బంగాళాదుంప ఎప్పుడొచ్చింది, జీడిపప్పు ఎక్కడిది. జీడిమామిడీ వాళ్ళు తెచ్చిందే అంటే ఉప్మా మీద నమ్మకం పోయింది పిల్లలకి.

పల్నాడు మాట వచ్చింది కాబట్టి ఒక ఇబ్బందైన సంగతి చెప్పాలి. కారెంపూడి మనకి దగ్గరే, వీరుల తిరునాళ్ళు మీరంతా చూసే ఉంటారు. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు, ఐదు రోజులు. వీరుల ఆయుధాలకి పూజ. వీరవిద్యావంతులు కథ పాడతారు. ఎనిమిది వందల ఏళ్ళ నాటి యుద్ధాన్ని ఏటా ఊరే ఆడి చూపిస్తుందంటే, మనం ఇచ్చే ప్రాజెక్టు వర్కులు ఏపాటివి చెప్పండి. కానీ ఆ కథని క్లాసులో చెప్పేటప్పుడు హాస్యం ఎవరి మీద పడుతోందో చూశారా? నాయకురాలు నాగమ్మ మీద. పన్నెండో శతాబ్దంలో గురజాల నలగామరాజు దగ్గర మంత్రాంగం నడిపిన ఆడమనిషి. పాత దళాల్లో హాస్యం ఆమె నడక నడిచి చూపించేవాడు, ఆడపెత్తనం మీద సామెతలు విసిరేవాడు, జనం విరగబడి నవ్వేవాళ్ళు. నేనూ మొదట్లో అలాగే చేశాను. సిగ్గు లేకుండా చెప్తున్నాను, చేశాను.

ఒకరోజు కోడిపందెం ఘట్టం. ఓడినవాళ్ళు ఏడేళ్ళు రాజ్యం విడిచిపోవాలని పందెం. నాగమ్మ మోసం చేసి గెలిచిందని కథ. తొమ్మిదో తరగతి అమ్మాయి లేచింది: ‘‘సార్, రాజ్యాన్ని కోడి మీద పెట్టి పందెం ఆడింది ఇద్దరూ కదా. బ్రహ్మనాయుడు ఆడితే వీరుడూ, నాగమ్మ ఆడితే జిత్తులమారీనా?’’ ఆ రోజు హాస్యం ఎవరు? ఆ అమ్మాయే కదండీ. ప్రశ్న అడిగింది ఆమె. నేను కథకుడి చోట నీళ్ళు నమిలాను.

అందుకని నేను పెట్టుకున్న నియమం ఒకటుంది. నవ్వు బలం ఉన్నవాడి మీద పడాలి. ఇది నేను కనిపెట్టింది కాదు, మన ఆటగాళ్ళకి ఏనాడో తెలుసు. మాచుపల్లి కైఫియత్తులో, అంటే ఆ ఊరి చరిత్ర రాసిపెట్టిన పాత రికార్డులో, ఉంది: కూచిపూడి భాగవతులు సిద్ధవటం సీమలో సమ్మెట గురవరాజు డబ్బు కోసం ఆడవాళ్ళని పెడుతున్న హింసలు చూశారు. విజయనగరం వెళ్ళి వీరనరసింహరాయల ముందు ఆట కట్టారు. ఒకడు గురవరాజు వేషం, ఒకడు ఆ ఆడమనిషి వేషం. రాయలకి అర్థమైంది, గురవరాజు పని అయిపోయింది. ఫిర్యాదు రాసివ్వలేదు, ఆడి చూపించారు! ఇది 1502 నాటిదని చెప్పుకుంటాం. అక్కడ కూడా తప్పెట కొట్టాలి సుమండీ: వీరనరసింహరాయలు గద్దెనెక్కింది 1505లో. ఎందుకు కుదరట్లేదు? కైఫియత్తు ఎప్పుడు రాశారు, ఎవరు చెప్తే రాశారు? పదో తరగతి పిల్లలకి ఈ చిక్కు ఇచ్చి చూడండి. తెలంగాణలో సుద్దాల హనుమంతు గారు గొల్లసుద్దులు పట్టుకుని దొరల వెట్టిని ఎండగట్టారు, అదీ ఇదే దారి. నవ్వు గడీ వైపు తిరిగింది, గుడిసె వైపు కాదు.

పాట అబద్ధం చెప్పదా అని అడుగుతారు. పొద్దున ఒక మాస్టారు టీ దగ్గర నన్నదే అడిగారు. చెప్తుంది! పాట చాలా అబద్ధాలు చెప్తుంది. బొబ్బిలి కథలో కోట పడ్డాక బొబ్బిలి సేనాని తాండ్ర పాపారాయుడు విజయరామరాజు గుడారంలో దూరి పొడిచి చంపుతాడు. పాటకి ఆయనే వీరుడు. ఆ యుద్ధం గురించి రాబర్ట్ ఓర్మ్ అనే ఇంగ్లీషాయన కూడా రాశాడు. ఆయన లెక్కలో కోటలోంచి బయటపడ్డ నలుగురు ఈ పగకి కట్టుకున్నారు. నేను రెండూ బోర్డు మీద రాసి, ఎందుకిలా అని అడిగాను. ఒకడు, చదువులో వెనకబడ్డవాడని మేం స్టాఫ్ రూములో ఎప్పుడూ అనుకునేవాడు, డక్కీ వాయించేవాడు మాత్రం వాడే, వాడన్నాడు: ‘‘నలుగురి పేర్లు పెడితే తాళంలో పట్టవు సార్. అందుకే ఒక్కణ్ణి ఉంచుకున్నారు.’’ పాట చరిత్రని ఏం చేస్తుందో ఇంతకంటే బాగా చెప్పిన పుస్తకం నేను చదవలేదు. పాట పాడనివాడికి, తాళం వెయ్యనివాడికి ఆ మాట తట్టదు.

ఇంకొక్క సంగతి, తర్వాత దిగిపోతాను. నవ్వు ఎక్కడ ఆపాలి?

బొబ్బిలి కథలో ఒక చోటు ఉంది. కోట నిలవదని తేలిపోయింది. బొబ్బిలి రాజు రంగారాయుడి మనుషులు, శత్రువు చేతికి చిక్కకూడదని లోపలున్న ఆడవాళ్ళనీ పిల్లల్నీ తామే చంపుకున్నారు. మా ఊరి పందిట్లో ఆ ఘట్టం వచ్చేసరికి అప్పటిదాకా మమ్మల్ని నవ్వించి నవ్వించి చంపిన హాస్యం, తలపాగా తీసి చేతిలో పట్టుకుని, డక్కీ చంకలో పెట్టుకుని పక్కకి జరిగి నిలబడ్డాడు. ఏం మాట్లాడలేదు. తందాన కూడా అనలేదు. కథకుడొక్కడే, వట్టి తంబుర మీద. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. ఎవరూ నాకు ఇది విషాదం అని చెప్పలేదు. హాస్యం నోరు మూసుకున్నాడు, అంతే. మా అమ్మ కొంగు నోట్లో పెట్టుకుంది.

ఆ ఒక్క నిమిషం మౌనం కోసమే అంతసేపు నవ్వించాడేమోనని నాకిప్పుడు అనిపిస్తుంది. మొదట్నుంచీ ఏడుపు గొంతుతో చెప్తే అక్కడికొచ్చేసరికి మా దగ్గర ఏడుపు మిగిలేది కాదు. మీరు కరువు చెప్పినా, యుద్ధం చెప్పినా, జలియన్‌వాలాబాగ్ చెప్పినా, ఎక్కడ మీ హాస్యం తలపాగా తియ్యాలో ముందే రాసుకోండి. పాఠ్యప్రణాళికలో ఆ గడి లేదు. పక్కన పెన్సిలుతో రాసుకోండి.

గొంతు లేదండీ, పాడలేమండీ అంటారు. నా గొంతు విన్నారు కదా ఇందాక. ఇంతకంటే అన్యాయంగా ఎవరైనా పాడగలరా? డక్కీలు కొనడానికి నిధుల్లేవంటారు. మేం ఆరేళ్ళు నెయ్యి డబ్బాల మీద వాయించాం. సిలబస్ అవదంటారు. అదొక్కటే నిజమైన కష్టం, దానికి నా దగ్గర మందు లేదు. ఏడాదికి నాలుగు పాఠాలు ఇలా చెప్పేవాణ్ణి, మిగతావి మామూలుగానే చెప్పేవాణ్ణి. కొన్ని పాఠాలకి ఇది నప్పదు కూడా. అక్షాంశాలు రేఖాంశాల మీద బుర్రకథ కట్టి నవ్వులపాలయ్యాను. ఆ ఎనిమిదో తరగతి వాళ్ళు ఇప్పటికీ ఎక్కడైనా కనపడితే ‘‘మకరరేఖా, తందాన’’ అని ఏడిపిస్తారు.

మాటలు చాలు. ఇంకా ఇరవై నిమిషాలుంది. సంచీలో తంబుర తెచ్చాను, రెండు డబ్బాలు కూడా ఉన్నాయి. చింతపల్లి ఘట్టం ఇక్కడే చేద్దాం. రాజకీయం ఎవరు? మేడమ్ గారు, ఇందాకట్నుంచి మీరు పుస్తకంలో ఏదో రాసుకుంటూనే ఉన్నారు, మీరు రండి. హాస్యం? చివరి వరసలో గళ్ళ చొక్కా మాస్టారు... అవును, మీరే. నేను మొదలుపెట్టినప్పుడు నిద్రపోయారు, గురక నాకు వినపడింది. రండి రండి, సిగ్గెందుకు. మీరు లేచిన దగ్గర్నుంచి నన్ను ఏదో అడగాలని చూస్తున్నారు కదా. ఆ ప్రశ్నే ముందు అడగండి.